హైదరాబాద్ నుంచి తిరుపతికి ప్యాకర్స్ అండ్ మూవర్స్: రెండు స్టార్లు, రెండూ కంపెనీకి కాదు

ఐదు స్టార్లు పెట్టమని ఫోన్ వచ్చేసరికి మా సామాను ఇంకా దిగనే లేదు. లారీ కరకంబాడి రోడ్డు పక్కన ఆగి ఉంది, టార్పాలిన్ తాళ్ళు కూడా విప్పలేదు, నేను చున్నీ నెత్తిన వేసుకుని ఎండలో నిలబడి ఉన్నాను. "మేడం, చిన్న రివ్యూ పెట్టేయండి, మా బాయ్స్‌కి ఇన్సెంటివ్ వస్తుంది" అన్నాడు ఆ కస్టమర్ కేర్ అబ్బాయి. సరే తప్పకుండా పెడతానన్నాను. ఇదిగో పెడుతున్నా.

కంపెనీ పేరు రాయను. ఇలాంటివాళ్ళకి పేరు మార్చుకోవడం ఒక ఫ్లెక్సీ ఖర్చుతో అయిపోయే పని. పేరు చెప్తే మీరు ఆ ఒక్కరినీ వదిలేసి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్తారు, అక్కడా ఇదే కథ. పద్ధతి చెప్తాను, అది ఎవరి దగ్గరైనా పనికొస్తుంది.

మా సంగతి ముందు. పెళ్ళై పద్నాలుగు నెలలు. కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూమ్. నాకు రేణిగుంట వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం వచ్చింది, జూలై ఒకటిన జాయినింగ్. మా ఆయనది ల్యాప్‌టాప్ ఉద్యోగం, ఇంటర్నెట్ ఉంటే ఏ ఊరైనా ఒకటే, కాబట్టి ఈసారి నా వెనకాల ఆయన రావాలి అని తేల్చుకున్నాం (ఈ మాట వాళ్ళింట్లో చెప్పడానికి పట్టిన టైమ్‌లో రెండుసార్లు ఇల్లు మారొచ్చు, అది వేరే కథ). ఆషాఢం రాకముందే కొత్తింట్లో పాలు పొంగించాలని మా అత్తయ్య, అమ్మ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు, వాళ్ళిద్దరూ అలా ఒప్పుకోవడం అరుదు. అంటే జూన్ మూడో వారంలో ఎలాగైనా కదలాలి. మాలాంటి కంగారు పార్టీలు ఆ వారంలో ఎంతమంది ఉంటారో మూవర్స్ వాళ్ళకి పంచాంగం కన్నా బాగా తెలుసు.

ఆన్‌లైన్‌లో ఒక చోట ఫారం నింపాను. అంతే, పది నిమిషాల్లో పద్నాలుగు ఫోన్లు. ఆ ఫారం నింపడమే నా మొదటి తప్పు, మీ నంబరు అక్కడి నుంచి చేపల మార్కెట్‌లో వేలానికి వెళ్ళినట్టే. ఒకరు 31,000 అన్నారు, ఒకరు 18,000 అన్నారు, వీళ్ళు 21,000 అన్నారు, "ఆల్ ఇన్‌క్లూడెడ్ మేడం, మీరు చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు". సొంత లారీలు, జీపీఎస్, ఇన్సూరెన్స్, రెండు రోజుల్లో డెలివరీ. మధ్య రేటు కదా మధ్యస్థంగా ఉంటారు అనుకున్నాం. 5,000 అడ్వాన్స్ పంపేశాం.

ఇప్పుడు మొదటి స్టార్ గురించి. బుధవారం పొద్దున ప్యాకింగ్‌కి నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళ పని గురించి ఒక్క మాట కూడా తక్కువ చేసి చెప్పలేను. మూడున్నర గంటల్లో ఇల్లంతా అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది. గాజు సామాను ఒక్కొక్కటీ న్యూస్‌పేపర్, దాని మీద బబుల్ షీట్, మధ్యలో మా పాత టవల్స్. మా అమ్మమ్మది ఒక ఆవకాయ జాడీ ఉంది, దాన్ని వాళ్ళ రూల్ ప్రకారం తీసుకెళ్ళకూడదట, లోపల నూనె ఉంది కాబట్టి. ఆ గుంపులో పెద్దవాడు దాన్ని చూసి, మూతకి గుడ్డ బిగించి, చుట్టూ దుప్పటి చుట్టి, బియ్యం డబ్బా మధ్యలో నిలబెట్టి, డబ్బా మీద మార్కర్‌తో బాణం గుర్తు వేసి "తిరుపతి దాకా నిలబడే వెళ్తుంది అక్కా" అన్నాడు. ఐదు రోజుల తర్వాత తీసి చూస్తే చుక్క నూనె కారలేదు. ఆ స్టార్ అతనిది.

అతనే ఇంకో మాట కూడా అడిగాడు, అది మేం పట్టించుకోలేదు. వాషింగ్ మెషీన్ దగ్గర కూర్చుని "అక్కా, దీని బోల్టులున్నాయా?" అన్నాడు. ఏం బోల్టులో మాకు అర్థం కాలేదు. అతను సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు, స్పీకర్‌లోనే, "అవన్నీ అవసరం లేదు, టైమ్ అవుతోంది, ఎక్కించెయ్" అని అటు నుంచి సమాధానం. ఎక్కించేశారు.

ఎక్కించాక ఆ సూపర్‌వైజర్ స్వయంగా ప్రత్యక్షమై 18 శాతం జీఎస్టీ 3,780 కలిపాడు. ఆల్ ఇన్‌క్లూడెడ్ అన్నారు కదా అంటే "ట్యాక్స్ గవర్నమెంట్‌ది మేడం, మాది కాదు" అన్నాడు. 10,000 ఇవ్వండి, మిగతాది డెలివరీ అప్పుడు అన్నాడు. సాయంత్రం లింగంపల్లిలో నారాయణాద్రి ఎక్కాలి, సామాను అప్పటికే వాళ్ళ బండిలో ఉంది, ఆ క్షణంలో ఎవరైనా ఏం మాట్లాడతారు? చేతిలో పెట్టిన కాగితాన్ని రైల్లో తీరిగ్గా చూస్తే అందులో జీఎస్టీ నంబరే లేదు. పదిహేను అక్షరాల నంబరు ఉండాలి, అది ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి ఎవరిదో చూసుకోవచ్చు. నంబరు లేకుండా తీసుకున్న ఆ 3,780 గవర్నమెంట్ దాకా వెళ్ళిందో లేదో ఆ వెంకన్నకే తెలియాలి. అదే కాగితం కింద చీమంత అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఓనర్స్ రిస్క్ అని ఉంది. అంటే దారిలో ఏం విరిగినా మన ఖర్మ. ఫోన్‌లో చెప్పిన ఇన్సూరెన్స్ ఊసు ఎక్కడా లేదు.

గురువారం పొద్దున తిరుపతిలో దిగాం. కొర్లగుంటలో ఇల్లు, ఒక సందులో మిద్దె మీద రెండో అంతస్తు. ఇక్కడ అద్దె అనరు, బాడుగ అంటారు, మూడు నెలల బాడుగ అడ్వాన్స్ ఇచ్చాం. హ్యాండ్ బ్యాగులో పెట్టుకుని తెచ్చిన స్టీలు గిన్నె, చిన్న ఇండక్షన్ స్టవ్, వీధి చివర కొన్న పాల ప్యాకెట్, పాలు పొంగాయి, వీడియో కాల్‌లో రెండు కుటుంబాలూ సంతోషించాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో మేమిద్దరం, గిన్నె, స్టవ్, నాలుగు గోడలు.

శుక్రవారం లారీ రాలేదు. ట్రాకింగ్ లింక్‌లో ఇన్ ట్రాన్సిట్ అని పచ్చరంగు చుక్క ఒకటి వెలుగుతూనే ఉంది, కానీ చుక్క కదలదు. ఫోన్ చేస్తే "కర్నూలు దాటేసింది మేడం". సాయంత్రం చేస్తే మళ్ళీ కర్నూలే దాటింది. మా ఓనరమ్మ రెండు చాపలు, ఒక దుప్పటి, ఒక బకెట్ ఇచ్చింది. పొద్దున, సాయంత్రం మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "ఏం పాపా, లారీ యాడుండాదంట?" నేను కర్నూలు అనేదాన్ని. మూడో రోజు ఆమే "ఇంకా కర్నూలేనా?" అని నవ్వేసింది.

శనివారం కూడా రాలేదు. ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక కొండెక్కాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు, అదీ శనివారం రద్దీలో. దర్శనం టోకెన్ల దాకా వెళ్ళనేలేదు, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాదం భవనంలో భోంచేసి బస్సులో దిగి వచ్చాం. హైదరాబాద్‌లో ఉండగా తిరుపతి ప్రయాణమంటే మూడు నెలల ముందు నుంచి ప్లాన్, ఇక్కడ సామాను రాలేదని కాలక్షేపానికి వెళ్ళొచ్చాం. కాళ్ళు నొప్పులు పుట్టాక చాప మీద పడుకోవడం ఎలా ఉంటుందో మాత్రం అడక్కండి.

లారీ వచ్చింది సోమవారం మధ్యాహ్నం. సందులోకి పట్టదు, కరకంబాడి రోడ్డు మీదే ఆపాడు. రెండో స్టార్ ఇక్కడిది, ఆ డ్రైవరన్నకి. అతనిది మదనపల్లె వైపు. నిజం అంతా అతనే చెప్పాడు, చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. ఆ లారీ కంపెనీది కాదు. మదనపల్లె మార్కెట్ నుంచి హైదరాబాద్‌కి టమోటా వేసుకుని వెళ్తాడు, తిరుగు ప్రయాణంలో ఖాళీగా రాకుండా ఏది దొరికితే అది వేసుకుంటాడు. మా సామాను బుధవారం నుంచి శంషాబాద్ దగ్గర ఒక గోడౌన్‌లో పడి ఉంది, ఇంకో రెండిళ్ళ సామాను జత అయ్యాక ఆదివారం పొద్దున అతనికి అప్పజెప్పారు. కర్నూల్లో ఒక ఇల్లు, కడపలో ఒక ఇల్లు దించి, రాజంపేట మీదుగా మా దగ్గరికి వచ్చాడు. మూడిళ్ళకీ కలిపి అతనికి ఇచ్చేది 14,000, డీజిల్ అతనిదే. మేమొక్కళ్ళమే ఎంత ఇస్తున్నామో విని కాసేపు ఏం మాట్లాడలేదు. జీపీఎస్ ఏది అన్నా అని అడిగితే జేబులోంచి తన ఫోన్ తీసి చూపించాడు.

ఇంకా బిల్లు అవలేదు. లారీ సందులోకి రాదు కాబట్టి చిన్న బండిలోకి మార్చాలి, దానికి 2,500. రెండో అంతస్తుకి ఎక్కించడానికి 1,500. మొత్తం డబ్బు పడేదాకా టార్పాలిన్ విప్పొద్దని అతనికి ఆర్డర్. డ్రైవరన్న మా ముందే వాళ్ళకి ఫోన్ చేసి "సందు ఎంత ఎడల్పుండాదో బుక్ చేసుకునేటప్పుడే అడగాల గదప్పా, ఇప్పుడు ఈ పిల్లోళ్ళని ఎండలో నిలబెడితే ఎట్లా" అని గట్టిగానే అడిగాడు. వాళ్ళు వినలేదు. మేం 13,780 పంపాం. ఫోన్‌లో 21,000, చేతిలోంచి పోయింది 28,780. రివ్యూ కోసం ఫోన్ వచ్చింది సరిగ్గా అప్పుడే.

తర్వాత టాటా ఏస్ అతన్ని మాటల్లో అడిగాను, లీలామహల్ సర్కిల్ దగ్గర స్టాండ్ నుంచి వచ్చాడు, రెండు ట్రిప్పులకి అతనికి వచ్చింది 900. మేం కట్టింది 2,500. మిగతా 1,600 హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళది. ఈ మొత్తం వ్యవహారంలో కంపెనీది అని చెప్పడానికి ఉన్నది ఆ ఫోన్ ఒక్కటే. ప్యాకింగ్ కుర్రాళ్ళు రోజు కూలీకి, లారీ తిరుగు లోడుకి, ఏస్ స్టాండ్ నుంచి, హమాలీలు ఇక్కడివాళ్ళు. అందరూ పని తెలిసినవాళ్ళే. ఒకరికొకరు తెలియదు అంతే, ఒకడు చెప్పిన జాగ్రత్త ఇంకొకడి దాకా చేరదు.

చేరలేదు అనడానికి మా వాషింగ్ మెషీనే సాక్ష్యం. మంగళవారం మొదటిసారి వేశాం. స్పిన్‌కి రాగానే గుమ్మం దాకా నడుచుకుంటూ వచ్చింది, కింద నుంచి ఓనరమ్మ పైకి వచ్చింది భూకంపమేమో అని. మెకానిక్ వచ్చి చెప్తే అప్పుడు అర్థమైంది ఆ కుర్రాడు అడిగిన బోల్టులు ఏంటో. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. ప్రయాణంలో అది ఊగి కొట్టుకోకుండా వెనక వైపు నుంచి పొడుగాటి బోల్టులు బిగిస్తారు. కొత్తగా కొన్నప్పుడు టెక్నీషియన్ వాటిని తీసి మన చేతికిస్తాడు, దాచుకోమని కూడా చెప్తాడు, మనం ఎక్కడో పడేస్తాం. మేమూ అంతే. ఐదు వందల అరవై కిలోమీటర్లు డ్రమ్ము అటూ ఇటూ కొట్టుకుని షాక్ అబ్జార్బర్లు పోయాయి. రిపేరు 6,400. ఇందులో మా తప్పు సగం ఉంది, ఒప్పుకుంటా. కానీ బోల్టులు అవసరం లేదు, ఎక్కించెయ్ అన్నది మేం కాదు.

కంపెనీకి ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం పంపాం. "ఓనర్స్ రిస్క్ కదా మేడం" అన్నారు. మా ఆయన కజిన్ ఒకతను లాయరు, ఫోన్‌లో గొడవపడటం మానేసి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వమన్నాడు. రోడ్డు రవాణాకి 2007లో వచ్చిన చట్టం ప్రకారం సామాను పాడైతే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలట, అది లేకపోతే కేసే నిలబడదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా ఫిర్యాదు చేశాం. అప్పటిదాకా ఫోన్ ఎత్తనివాళ్ళు తర్వాత వారంలోనే వాళ్ళంతట వాళ్ళే చేశారు.

బైక్ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మేం తెలివిగా చేసిన పని అదొక్కటే. వాళ్ళు బైక్‌కి ఇంకో 6,000 అడిగితే వద్దని కాచిగూడలో రైల్వే పార్సిల్ ఆఫీసులో బుక్ చేశాం. ఆర్సీ, ఆధార్ జిరాక్సులు కావాలి, ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, స్టేషన్ దగ్గరే గోనెపట్టా కట్టేవాళ్ళు ఉంటారు. ప్యాకింగ్‌తో కలిపి అడిగినదాంట్లో సగం కూడా అవలేదు, మా సోఫా కన్నా నాలుగు రోజుల ముందు తిరుపతి స్టేషన్‌లో ఉంది. తెలంగాణ నంబరు బండి కాబట్టి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, అది ఇంకా చేయలేదు, చేయాలి.

గ్యాస్ సిలిండర్ మూవర్స్ తీసుకెళ్ళరు, తీసుకెళ్తామన్నా ఇవ్వొద్దు. సిలిండర్, రెగ్యులేటర్ పాత డీలర్‌కి అప్పజెప్పి టెర్మినేషన్ వోచర్ తీసుకోండి, దాంతో కొత్త ఊళ్ళో కనెక్షన్ ఇస్తారు, డిపాజిట్ డబ్బులు పాత డీలరే వెనక్కి ఇస్తాడు. ఫ్రిజ్ ముందు రోజే ఆపి మంచు కరిగించండి, దించాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడే ఆన్ చేయండి. ఇది నాకు ఏ కంపెనీ చెప్పలేదు, ఫ్రిజ్ వీపున కట్టుకుని రెండంతస్తులు ఎక్కిన హమాలీ అన్న చెప్పాడు.

మళ్ళీ మారాల్సి వస్తే నేను చేసేది ఇది. చేరే ఊళ్ళో ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడే అక్కడి లారీ వాళ్ళతో మాట్లాడతా. ఇక్కడి నుంచి హైదరాబాద్ వైపు కూరగాయలు, పళ్ళు వేసుకెళ్ళి ఖాళీగా తిరిగొచ్చే బళ్ళు బోలెడు. ప్యాకింగ్ అక్కడి కుర్రాళ్ళతో విడిగా, లారీ విడిగా, దించడం ఇక్కడి స్టాండ్ వాళ్ళతో విడిగా. మూడు ఫోన్లు ఎక్కువ చేయాలి, కానీ ఎవరు ఏం చేస్తున్నారో వాళ్ళ మొహం చూసి మాట్లాడొచ్చు. డ్రైవరన్న నంబరు మాత్రం దాచుకున్నా. అంత ఓపిక లేదు, కంపెనీతోనే వెళ్తామంటే సందు వెడల్పు, ఎన్నో అంతస్తు, లారీ మా సామానుకి మాత్రమేనా లేక ఇంకెవరిదైనా కలుస్తుందా, జీఎస్టీ నంబరు, ఇన్సూరెన్స్ కాగితం, ఈ ఐదూ వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ పంపండి. ఫోన్‌లో చెప్పిన మాట ఫోన్‌లోనే ఉండిపోతుంది.

తిరుపతి బాగుంది, దానికి స్టార్లు పెట్టే చోటు ఇది కాదు. ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలని, ఉర్లగడ్డలంటే బంగాళాదుంపలని నేర్చుకున్నాం. ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ మార్చుకుంటే నెలలో మొదటి మంగళవారం స్థానికుల దర్శనానికి టోకెన్ తీసుకోవచ్చని ఓనరమ్మ చెప్పింది, మా అత్తయ్య ఇప్పటికి నాలుగుసార్లు గుర్తు చేసింది. సోఫా కింద బట్ట ఊడితే కుట్టిద్దామని తిరగేస్తే చెక్కల మధ్య ఇరుక్కుని ఎండిపోయిన టమోటా ఒకటి దొరికింది.

తాజా సంగతి: నిన్న కంపెనీ నుంచి ఫోన్. 2,000 వేస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకుని రివ్యూలో ఐదు స్టార్లు పెట్టమన్నారు. 6,400 వేస్తే మూడో స్టార్ గురించి ఆలోచిస్తానని చెప్పాను. మా మేనేజర్‌తో మాట్లాడి చెప్తానన్నాడు. ఆ మేనేజర్ కూడా కర్నూలు దాటినట్టున్నాడు.